పాపకి అన్నీ ఆర్గానిక్ పెట్టలేం. ముందు ఏది మారిస్తే మంచిది?

చిట్టితల్లి నాన్న:

మా పాపకి మూడేళ్ళు నిండాయి. పళ్ళంటే ప్రాణం. ఆపిల్ ముక్కలు కోసి పెడితే ముట్టదు, కాయ కాయగా చేతికివ్వాలి, తొక్కతో సహా కొరుక్కు తింటుంది. ద్రాక్షపళ్ళు నిలువునా చీల్చి గిన్నెలో పెడితే గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలదు.

ఈమధ్య ద్రాక్షగుత్తి కడుగుతుంటే పళ్ళ మీద తెల్లటి పొర కనబడింది. వేలితో రుద్దితే పోయింది. అది పురుగుమందేనని మా ఆవిడ హడలిపోయి, అప్పట్నుంచి పాపకి పళ్ళు బాగా తగ్గించేసింది. ఆకలంటే బిస్కెట్లు ఇస్తోంది. నాకది మింగుడుపడట్లేదు. కానీ "మందులు కొట్టిన పళ్ళు నా చేత్తో నేనెలా పెట్టను?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అన్నీ ఆర్గానిక్ కొనే స్తోమత మాకు లేదు. నెల సరుకుల్లో రెండు మూడు మార్చగలం, అంతకుమించి కుదరదు. అసలు ఆర్గానిక్ తిండికి మారితే పిల్లల ఒంట్లో ఈ మందులు నిజంగా తగ్గుతాయా? తగ్గేటట్టయితే ముందు ఏది మార్చాలి? ఉప్పునీళ్ళు, వెనిగర్, వంటసోడా అని తలా ఒకటి చెప్తున్నారు, వాటిల్లో ఏది పనిచేస్తుంది?

ఇంట్లో శుభ్రత విషయంలో ఏ లోటూ లేదు. వంటింట్లో, మంచాల కింద నెలనెలా బొద్దింకల మందు కొట్టిస్తాం. కాబట్టి మా దిగులంతా తిండి గురించే. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

సాయంత్రపు గాలి:

మరీ అంత భయపడకండి. మనమంతా అవే తిని పెరిగాం. ఉప్పునీళ్ళలో ఓ పావుగంట నానబెడితే అన్నీ పోతాయి. ఆర్గానిక్ అనేది డబ్బున్నవాళ్ళ కోసం పుట్టిన వ్యాపారం.

ల్యాబు అమ్మ:

నేను ఆహారంలో పురుగుమందుల అవశేషాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఇద్దరు పిల్లల తల్లిని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టి చదవండి.

ఆ తెల్లపొర సంగతి ముందు చూద్దాం. అది మందు కాదండీ. ద్రాక్షకాయ తనలోని తడి ఆరిపోకుండా తనే తయారుచేసుకునే మైనం. కాయ అంతటా సమంగా పరుచుకుని ఉంటుంది, రుద్దితే కింద నిగనిగలాడే తొక్క బయటపడుతుంది. మందు ద్రావణం ఎండిన మరకలైతే చుక్కలు చుక్కలుగా, కారి ఆగినట్టుగా ఉంటాయి. అయితే కళ్ళతో చూసి మందు ఉందనీ లేదనీ ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. తళతళలాడే కాయలోనూ ఉండొచ్చు, మచ్చలున్న కాయలో ఏమీ దొరక్కపోవచ్చు. మీ ఆవిడ గారికి ఈ మాట చెప్పి, పళ్ళు మళ్ళీ మొదలుపెట్టించండి. పళ్ళూ కూరలూ తినకపోవడం వల్ల పిల్లలకి జరిగే నష్టం గురించి ఎవరికీ అనుమానం లేదు. ఆర్గానిక్ అయినా మామూలువైనా పిల్లలు అవి బాగా తినడమే ముఖ్యమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా 2012 నివేదికలో చెప్పింది.

ఇక మీ అసలు ప్రశ్న. ఒంట్లో తగ్గుతాయా? తగ్గుతాయి. చాలా త్వరగా తగ్గుతాయి కూడా. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో సియాటిల్ ప్రాంతపు బడిపిల్లలు 23 మందిని 15 రోజుల పాటు గమనించారు. మొదట మామూలు తిండి, మధ్యలో 5 రోజులు ఆర్గానిక్, తర్వాత మళ్ళీ మామూలు తిండి. పిల్లలు తినే పదార్థాల్ని మార్చలేదు. పండుకి బదులు అదే పండు, పళ్ళరసానికి బదులు అదే రసం, కాకపోతే ఆర్గానిక్‌వి. రోజూ పొద్దునా రాత్రీ మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ అనే మందులు ఒంట్లో విరిగినప్పుడు వచ్చే పదార్థాలు, ఆర్గానిక్ మొదలైన వెంటనే పరికరం పట్టుకోలేనంతగా పడిపోయాయి. మామూలు తిండికి రాగానే మళ్ళీ పెరిగాయి. అంటే ఈ రకం మందులు ఒంట్లో పేరుకుని కూర్చోవు, ఒకట్రెండు రోజుల్లో వెళ్ళిపోతాయి. మళ్ళీ తింటే మళ్ళీ వస్తాయి. అందుకే ఒక పూట ఏం తిన్నదన్న దానికన్నా, పాప రోజూ ఏం తింటుందన్నదే చూసుకోవాలి.

2015లో కాలిఫోర్నియాలో 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలు 40 మందితో ఇలాంటిదే ఇంకొకటి చేశారు. వారం రోజుల ఆర్గానిక్ తిండితో మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫేట్ మందుల్లో ఒక ప్రధానమైన వర్గం గుర్తులు మూత్రంలో దాదాపు సగానికి పడ్డాయి, 2,4-డి అనే కలుపుమందు నాలుగోవంతు తగ్గింది. పైరిథ్రాయిడ్ రకం మందులు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి, మీ ఇంటికి సంబంధించింది ఇదే.

మూత్రంలో గుర్తులు తగ్గాయంటే పిల్లల ఆరోగ్యం అంతమేరా మెరుగుపడినట్టని అనుకోకూడదు. మందు కాయ మీదే విరిగిపోయి, విషం లేని రూపంలో కడుపులోకి వెళ్ళినా పరీక్షలో అదే గుర్తు కనబడుతుంది. ఆర్గానిక్ తిన్న పిల్లలకి జబ్బులు తగ్గాయని నేరుగా తేల్చిన ఆధారం లేదని ఆ 2012 నివేదికే చెప్పింది. మరి ఎందుకు పట్టించుకోవాలంటారా? పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ ఒంటిలాంటిది కాదు. కిలో బరువుకి లెక్కేస్తే వాళ్ళు మనకన్నా చాలా ఎక్కువ తింటారు, తాగుతారు. పైగా నచ్చిన రెండు మూడు పదార్థాలే మళ్ళీ మళ్ళీ తింటారు. ఆర్గనోఫాస్ఫేట్ విషాన్ని విరగ్గొట్టే పారాఆక్సోనేజ్ అనే ఎంజైము పసిపిల్లల్లో చాలా తక్కువ. మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1993లో ఈ సంగతుల్నే ముందుకు తెస్తే, అక్కడి ప్రభుత్వం 1996లో చట్టం మార్చింది. తిండిలో మందు ఎంతవరకు ఉండొచ్చో పరిమితులు నిర్ణయించేటప్పుడు పిల్లల కోసం మామూలు జాగ్రత్తకి పైన ఇంకో పదిరెట్లు కలపాలని రాసుకున్నారు. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో తల్లీబిడ్డల్ని ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళు 2011లో ఒక ఫలితం చెప్పారు: గర్భంతో ఉన్నప్పుడు తల్లిలో ఈ గుర్తులు బాగా ఎక్కువున్న పిల్లలకి, బాగా తక్కువున్న వాళ్ళతో పోలిస్తే, ఏడేళ్ళప్పుడు ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువుంది. అది కడుపులో ఉన్నప్పటి లెక్క, మీ పాప వయసుకి నేరుగా తెచ్చి అంటించకూడదు. కానీ మీ ఇంట్లో రెండో బిడ్డ ఆలోచన ఉంటే, తల్లి తిండి దగ్గర్నుంచే మొదలుపెట్టండి.

ముందు ఏది మార్చాలి? ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాలు పక్కన పెట్టండి. మీ పాప వారం రోజులు ఏం తిన్నదో కాగితం మీద రాయండి. రోజూ తినేది, ఎక్కువ తినేది, తొక్కతో తినేది, ఈ మూడూ ఒక్క దాంట్లోనే కలిస్తే అదే మొదటిది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆపిల్, తర్వాత ద్రాక్ష. పాపకి పళ్ళరసం అలవాటుంటే అదీ చూసుకోండి, ఒక గ్లాసు రసంలోకి చాలా కాయలు పోతాయి. అరటి, నారింజ లాంటివి ఆఖర్న. వాటి గురించి ఒక సంగతి చెప్పాలి. ల్యాబులో మేం కాయల్ని కడగం. కనీసం పదికాయలు కలిపి, డ్రై ఐస్ వేసి మెత్తటి పొడి అయ్యేదాకా తిప్పుతాం. అందులో 10 గ్రాములు తూచి, గొట్టంలో వేసి, అసిటోనైట్రైల్ అనే ద్రావకం పోసి, ఉప్పులు కలిపి గట్టిగా ఊపి, గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో పెడతాం. పైన తేరుకున్న ద్రవాన్ని మందుల్ని కొలిచే యంత్రానికిస్తాం. అరటిపండునైనా తొక్కతోనే నూరుతాం. అంటే అరటిపండు మీద మేమిచ్చే అంకె మీ పాప తినే గుజ్జుది కాదు, తొక్కతో కలిపిన మొత్తానిది. ఆపిల్ మీద ఇచ్చే అంకె మాత్రం, మీ పాప తినే పద్ధతికి దగ్గరగా ఉంటుంది. అది కూడా పదికాయల సగటు. ఒక్కో కాయలో దానికి కొన్ని రెట్లు ఎక్కువా ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు.

కడగడం గురించి. సాయంత్రపు గాలి గారూ, ఉప్పునీళ్ళతో అన్నీ పోవండీ. ఏ నీళ్ళతోనూ అన్నీ పోవు. అమెరికాలో కనెక్టికట్ ప్రయోగశాల వాళ్ళు ధారగా పడే మామూలు నీళ్ళ కింద కడిగి చూస్తే, 12 మందుల్లో 9 తగ్గాయి, క్లోర్‌పైరిఫాస్‌తో కలిపి మూడు కదల్లేదు. నీళ్ళకన్నా చేత్తో రుద్దడమే ఎక్కువ పనిచేస్తుంది. వంటసోడా నిజంగా కొంత మేలు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2017లో లీటరు నీటికి 10 గ్రాముల సోడా కలిపి, ఆపిళ్ళని 12 నుంచి 15 నిమిషాలు నానబెడితే, వాళ్ళు తీసుకున్న రెండు మందులు తొక్క పైనుంచి చాలావరకు పోయాయి. కానీ అందులో థయాబెండజోల్ అప్పటికే తొక్కలోకి 80 మైక్రాన్ల లోతు, అంటే మిల్లీమీటరులో పదోవంతుకి కాస్త తక్కువ, దిగిపోయి ఉంది, అది సోడాకి అందలేదు. వేళ్ళ నుంచి మొక్కంతా పాకే ఇమిడాక్లోప్రిడ్ లాంటివైతే కాయ గుజ్జులోనే ఉంటాయి. సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ అస్సలు వాడొద్దు. కాయ వాటిని పీల్చుకుంటుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ పోస్టంతటిలో నాకు గుబులు పుట్టించింది ఆ నెలనెలా కొట్టించే బొద్దింకల మందు. ఇళ్ళలో కొట్టే స్ప్రేల్లో ఎక్కువగా ఉండేవి పైరిథ్రాయిడ్లే. సియాటిల్ పిల్లల్నే ఈ మందుల కోసం చూసినప్పుడు, వాళ్ళలో పైరిథ్రాయిడ్లు ఎక్కువ కావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇంట్లో మందు కొట్టడమేనని తేలింది. పొలంలో పడిన మందుని ఎండా వానా విరగ్గొడతాయి. మంచం కింద పడిన మందుకి ఆ రెండూ లేవు. దుమ్ములో కలిసి నెలల తరబడి అక్కడే ఉంటుంది. మూడేళ్ళ పిల్ల నేల మీదే ఆడుతుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. ఆర్గానిక్ ఆపిల్‌ని ఆ చేత్తో పట్టుకుంటే ఆపిల్ మార్చిన ఫలితం ఎంతని? క్లోర్‌పైరిఫాస్ విషయంలోనూ పొలంకన్నా ముందు ఇంటినే చూశారు. దాన్ని యూరోపియన్ యూనియన్ పొలాల్లోంచి తీసేసింది 2020లో. అమెరికాలో మాత్రం అంతకు చాలా ముందే, 2000లో, పిల్లలున్న చోట్లని దృష్టిలో పెట్టుకుని ఇళ్ళ వాడకం మాన్పించేందుకు ఒప్పందం కుదిరింది. మీరు మార్చాల్సిన మొదటి వస్తువు ఆ స్ప్రే. దానికి ఖర్చు పెరగదు, తగ్గుతుంది.

పొలంగట్టు:

ల్యాబు అమ్మ గారు చాలా వివరంగా చెప్పారు. నేను పండించేవాణ్ణి కాబట్టి పొలం వైపు నుంచి రెండు మాటలు.

ప్రతి మందు డబ్బా మీదా, కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదు అని గడువు రాసి ఉంటుంది. ఒకేసారి కోసే పంటకి ఆ గడువు పాటించడం తేలిక. కీరదోస, చిక్కుడు, టమాటా లాంటివి అలా కాదు. రెండు మూడు రోజులకోసారి కోస్తూనే ఉండాలి, లేకపోతే కాయ ముదిరిపోతుంది. ఆ కోతల మధ్యలో పురుగు పడితే రైతుకి మందు కొట్టక తప్పదు, కోయకా తప్పదు. గడువు జారిపోయేది అక్కడే. కాబట్టి మీకు తెలిసిన రైతు ఎవరైనా ఉంటే, "ఆర్గానికేనా?" అని అడక్కండి, ఆ ప్రశ్నకి అందరూ అవుననే అంటారు. "ఆఖరిసారి ఏం కొట్టారు, ఎన్ని రోజులైంది?" అని అడగండి. రోజులు లెక్కపెట్టి చెప్పేవాడు గడువు పాటించేవాడు.

రెండోది, ఆర్గానిక్ అంటే ఏ మందూ కొట్టనిది కాదు. వేపనూనె, బీటీ, స్పైనోసాడ్ అనే సూక్ష్మజీవుల నుంచి వచ్చే మందులు, రాగి మందులు మేమూ కొడతాం. వీటిల్లో చాలావరకు త్వరగా విరిగిపోతాయి. రాగి విరగదు, నేలలో పేరుకుంటుంది, అందుకే చూసి వాడాలి. ప్రకృతిలోదైతే మంచిదే అనుకోవడమూ సరికాదు. పొగాకు నుంచి తీసిన నికోటిన్ ప్రకృతిదే, కానీ మనిషికి విషం. అమెరికా ఆర్గానిక్ నిబంధనల్లో దాన్ని నిషేధించారు. అక్కడ లేబుల్ రావాలంటే నేల మూడేళ్ళు నిషిద్ధ మందులకి దూరంగా ఉండాలి. అయినా పక్క పొలం నుంచి గాలికి కొట్టుకొచ్చేది ఉంటుంది కాబట్టి, మామూలు పంటకి ఒప్పుకునే పరిమితిలో 5 శాతం లోపు అవశేషం దొరికితే ఒప్పుకుంటారు. లేబుల్ మీద సున్నా అని ఎవరూ హామీ ఇవ్వరు. తేడా మాత్రం పెద్దదే. 343 పరిశోధనల్ని కలిపి చూసి 2014లో ఇచ్చిన లెక్కలో, మామూలు పంటల్లో అవశేషాలు దొరికే అవకాశం ఆర్గానిక్ పంటల కన్నా నాలుగు రెట్లు.

ఇంకొక్క మాట. మీ పాప తినే కాయ మీద ఉండేది చుక్కలో చుక్క. ఆ మందు కలిపి, వీపున డబ్బా కట్టుకుని కొట్టేవాడి ఒంటి మీద పడేది దానికి ఎన్నో రెట్లు. వాడి ఇంట్లోనూ పిల్లలుంటారు, వాడి బట్టలతో ఆ మందు ఇంటికే వెళ్తుంది. నేను రసాయన మందులు మానేసింది కొనేవాళ్ళ కోసం కాదు, ఇంట్లో పిల్లల కోసమే. మీరు రెండు వస్తువులు మార్చినా ఆ మేరకి ఒక పొలంలో మందు తగ్గుతుంది.

చిట్టితల్లి నాన్న:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. రాత్రి మీ జవాబులన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. ద్రాక్ష మైనం గురించి విన్నాక ఊరట పడింది. ఆ వెంటనే బొద్దింకల మందు గురించి విని, లేచి వెళ్ళి నిద్రపోతున్న పాప చేతులు తుడిచి వచ్చింది. రేపట్నుంచి పళ్ళు మళ్ళీ మొదలు. ఆపిళ్ళు, ద్రాక్ష ఆర్గానిక్‌వి తెద్దామని అనుకున్నాం.

ల్యాబు అమ్మ గారూ, ఇంకో రెండు సందేహాలు. ఆర్గానిక్ ఆపిల్ దొరకని వారం తొక్క తీసి ఇవ్వమంటారా? ఇంకోటి, మందు కొట్టించి ఎక్కువ రోజులు కాలేదు. ఇప్పుడు ఇంటిని ఏం చేయాలి? స్ప్రే మానేస్తే బొద్దింకలు మళ్ళీ వస్తాయి కదా.

ల్యాబు అమ్మ:

తొక్క తీసి ఇవ్వండి. తొక్కతో కొంత పీచు పోతుంది, మిగతా పండంతా పాపకి దక్కుతుంది. తొక్కలేని ఆపిల్ తిననని మారాం చేస్తే, బాగా రుద్ది కడిగి అలాగే ఇవ్వండి. ఆ ఒక్క వారం గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఇల్లు. చీపురుతో ఊడవకండి, దుమ్ము లేచి మళ్ళీ పడుతుంది. తడిబట్టతో తుడవండి. మంచాల కింద, గోడ అంచుల వెంబడి ముఖ్యంగా. తుడిచిన బట్టని విడిగా ఉతకండి. తుడిచేటప్పుడు చేతులకి గ్లౌజులు వేసుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి, పాపని వేరే గదిలో ఉంచండి. నేల మీద పడి దొర్లే గుడ్డబొమ్మలు, దుప్పట్లు ఉతికేయండి. చెప్పులు గుమ్మం బయటే. తినే ముందు పాప చేతులు సబ్బుతో కడగడం, కాయని కడగడంకన్నా ముందు పని.

బొద్దింకలకి కావలసినవి తిండి, నీళ్ళు, దాక్కోడానికి సందు. నీళ్ళు లేకుండా అవి ఎక్కువ రోజులు ఉండలేవు. కాబట్టి సింకు కింద కారే పైపు బాగుచేయించడం, రాత్రి పడుకునే ముందు సింకుని పొడిబట్టతో తుడవడం, ఈ రెండే చాలా పనిచేస్తాయి. అరల వెనక, పైపు గోడలోకి దూరే చోట ఉన్న సందులు పూడ్పించండి. చెత్తబుట్టకి మూత పెట్టండి. ఇవన్నీ చేశాక కూడా కనబడితే జెల్ ఎర తెచ్చి, పాప చెయ్యి అందని చోట, తలుపు కీళ్ళ లోపల, ఫ్రిజ్ వెనక బఠాణీ గింజకన్నా చిన్న చుక్కలుగా పెట్టండి. అదీ మందే. కానీ గదంతా చల్లింది కాదు, చుక్క పెట్టిన చోటే ఉంటుంది. ఒకటే జాగ్రత్త: జెల్ పెట్టిన చోట మళ్ళీ స్ప్రే కొట్టొద్దు. స్ప్రే పడిన ఎర జోలికి బొద్దింకలు రావు.